వాళ్లకు రోల్‌కాల్, మనకు లైఫ్ సర్టిఫికెట్

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో 'ది సెకండ్ బెస్ట్ ఎగ్జాటిక్ మేరీగోల్డ్ హోటల్' సినిమా మీద మీరు అరపేజీ వ్యాసం వేసి రెండు వారాలు దాటింది. అప్పుడే రాద్దామనుకున్నాను. ఇంట్లో పెళ్లి పనులు, ఆ మీదట కళ్లజోడు విరిగింది. ఈలోగా కోపం చల్లారుతుందనుకుంటే అదీ జరగలేదు.

బ్రిటన్ ముసలివాళ్లు కూడా శేషజీవితం గడపడానికి మన దేశాన్నే వెతుక్కుంటూ వస్తున్నారనీ, పెద్దల్ని నెత్తిన పెట్టుకునే మన సంస్కృతికి ఈ సినిమా ఒక కితాబనీ మీ వ్యాసకర్త రాశారు. ఈ సినిమాకి ముందు వచ్చిన మొదటి భాగం ఆయన చూసినట్టు లేదు. చూస్తే ఆ మాట రాయలేరు. జూడీ డెంచ్ వేసిన ఎవలిన్, భర్త పోయాక అప్పులు బయటపడి ఇల్లు అమ్ముకుంది. బిల్ నై వేసిన డగ్లస్, ఆయన భార్య దాచుకున్న డబ్బంతా కూతురి కంపెనీలో పెట్టి పోగొట్టుకున్నారు. మ్యాగీ స్మిత్ వేసిన మ్యూరియల్‌కైతే మనవాళ్లంటేనే పడదు. తుంటి ఆపరేషన్ ఇక్కడైతే త్వరగా, చవకగా అయిపోతుందని పళ్లు బిగబట్టి విమానం ఎక్కింది. ఈ దేశం మీద మనసుండి వచ్చింది రిటైర్డ్ జడ్జీగారు ఒక్కరే. ఆయన్ని కాస్తా మొదటి భాగంలోనే చంపేశారు. మిగతావాళ్లను ఇక్కడికి లాక్కొచ్చింది సంస్కృతి కాదండీ, పౌండుకి వచ్చే రూపాయలు.

సినిమా మీద నాకేం కోపం లేదు. 2015లో వచ్చిన ఈ రెండో భాగం మొదటిదంత బిగువుగా లేకపోయినా కూర్చుని చూడొచ్చు. హోటల్ నడిపే కుర్రాడు సన్నీ ఇంకో హోటల్ కొనడానికి పెట్టుబడి కోసం మ్యూరియల్‌ని వెంటబెట్టుకుని అమెరికా వెళ్తాడు. అక్కడి కంపెనీవాళ్లు మరగని నీళ్లూ, టీ సంచీ ఇచ్చినందుకు ఆవిడ వాళ్లకు పీకిన క్లాసు మా ఇంట్లో రెండుసార్లు వేయించుకుని చూశాం. డగ్లస్ ఇక్కడ టూరిస్టులకు గైడు. ఆయనకు చరిత్ర ఒక్క ముక్క గుర్తుండదు. ఒక పిల్లాడు ఇయర్‌ఫోన్‌లోకి వాక్యాలు అందిస్తుంటే ఈయన పెద్ద పండితుడిలా అప్పచెప్తుంటాడు. బాగా నవ్వుకున్నాం. కానీ ఒక్క విషయం గమనించారా? రిటైరై వచ్చినవాళ్లంతా ఇక్కడ ఏదో ఒక ఉద్యోగం చేస్తూనే ఉన్నారు. డెబ్భై తొమ్మిదేళ్ల ఎవలిన్‌కి బట్టల కొనుగోలులో కొత్త నౌకరీ!

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే పింఛను ఏటా పెరుగుతుంది. ఆ పింఛనుదారు అమెరికాలో స్థిరపడినా పెరుగుతుంది. మన దేశంలో స్థిరపడితే మాత్రం పెరగదు. ఎంత అంకె దగ్గర వచ్చారో, పోయేదాకా అదే అంకె. కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లకీ ఇదే గతి. ఏళ్ల తరబడి వాళ్లు పోరాడుతున్నారు, లండన్‌లో ఏ పార్టీ గద్దెనెక్కినా ఉలుకూ పలుకూ లేదు. సినిమా ఈ ఊసే ఎత్తదు. సరే, అది సినిమా. పత్రిక ఎత్తొద్దా? అరపేజీలో పావు పేజీ బంతిపూల బొమ్మ వేశారు, ఈ నాలుగు ముక్కలకు చోటు దొరకలేదా?

ఇక తప్పుల సంగతి. ఆ హోటల్ జైపూర్‌లో ఉందనీ, వెళ్లి చూసి రావచ్చనీ రాశారు. కథ జైపూర్‌లో జరుగుతుంది, నిజమే. భవనం ఉన్నది మాత్రం ఉదయపూర్ దగ్గర ఖేంపూర్ అనే పల్లెలో, పేరు రావ్లా ఖేంపూర్. మీ మాట నమ్మి ఎవరైనా జైపూర్ వెళ్తే ఆటోవాళ్లు ఊరంతా తిప్పుతారు. మ్యాగీ స్మిత్ మూడో భాగంలోనూ నటించాలని మీ వ్యాసకర్త ముచ్చటపడ్డారు. ఆవిడ 2024 సెప్టెంబరులో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మీ పత్రికలోనే ఫొటోతో సహా వేశారు! ఒకప్పుడు ప్రూఫ్ రీడర్ అనే మనిషి ఉండేవాడు, పొల్లు తప్పినా పట్టుకునేవాడు. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారో మీకే తెలియాలి.

నిజానికి విదేశాల్లో కాలం గడిపే రిటైర్డ్ మనుషుల కథ కావాలంటే జైపూర్ దాకా ఎందుకు? మా వీధిలోకి రండి. ప్రతి రెండో ఇంటికీ తాళం. అమెరికాలో ఉన్న పిల్లల ఇంట పురుడుకి అమ్మ ఆర్నెల్లు, ఆవిడ దిగగానే అత్తగారు ఆర్నెల్లు. వియ్యపురాళ్లిద్దరూ ఫోన్లో డ్యూటీ మార్చుకుంటారు, పాలు ఏ సీసాలో, పిల్ల ఏ పాటకి నిద్రపోతుంది అని. నేనూ చేసొచ్చాను. సూట్‌కేసులో పచ్చళ్ల కింద ఆర్నెల్లకు సరిపడా బీపీ మాత్రలు, డాక్టరు చీటీతో సహా. ఎందుకంటే అక్కడ కొనుక్కునే విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. కారు నడపడం రాదు, నడిచి వెళ్దామంటే వెళ్లేందుకు ఏమీ లేదు. సాయంత్రం చెరువు చుట్టూ నడుస్తుంటే ఎదురయ్యేది ఇంకో గుంటూరు దంపతులో, కరీంనగర్ దంపతులో. ఏ ఇంగ్లీషు దొర వచ్చి దీన్ని కామెడీ తీస్తాడు? మొదటి సినిమా కోటి డాలర్లతో తీస్తే 13 కోట్లకు పైగా వచ్చాయట. మా వాళ్ల కథకి అంత ఖర్చు కూడా అవదు, అందరికీ ఉన్నవి రెండు జతల స్వెట్టర్లే.

ఇక్కడ ఉన్నవాళ్ల భోగం చూద్దాం. హోటల్లో సన్నీ పొద్దున్నే రోల్‌కాల్ తీసుకుంటాడు, రాత్రికి రాత్రి ఎవరూ పోలేదు కదా అని. హాల్లో అందరూ నవ్వారు. నాకు నవంబరు గుర్తొచ్చింది. నేను తపాలా శాఖలో కౌంటర్ మీద పనిచేసి రిటైరైన మనిషిని, కేంద్ర పింఛను. ఏటా నవంబరులో బతికే ఉన్నానని రుజువు, అదే లైఫ్ సర్టిఫికెట్, చూపించాలి. మా బ్యాంకులో వేలిముద్ర మిషన్ ఉంది. జీవితమంతా స్టాంపులు తడిపి అంటించిన వేళ్లు, గీతలెక్కడుంటాయి? బొటనవేలు పడదు, చూపుడువేలు పడదు. కౌంటర్లోని అమ్మాయి చెయ్యి కడుక్కు రమ్మంటుంది, కడుక్కుని వస్తే మళ్లీ లైను చివర నించోమంటారు. ఎదురుగా నించుని మాట్లాడుతున్న మనిషి బతికుందో లేదో మిషన్ చెప్పాలి. ముఖం చూపించే యాప్ వచ్చింది, నిజమే. ఆ యాప్ ఫోన్లోకి ఎక్కించి పెట్టే కొడుకు డల్లాస్‌లో ఉంటాడు.

రైలు సంగతి చెప్పకపోతే కడుపు నిండదు. మగవాళ్లకు అరవై దాటితే టికెట్లో 40 శాతం, ఆడవాళ్లకు యాభై ఎనిమిది దాటితే 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరుతో ఎత్తేశారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. పార్లమెంటులో ఎవరడిగినా వచ్చే సమాధానం ఒకటే, ప్రయాణికులందరికీ ఇప్పటికే సబ్సిడీ ఇస్తున్నామని. పెద్దల్ని నెత్తిన పెట్టుకునే సంస్కృతి అంటే ఇదేనేమో, వ్యాసకర్త గారే చెప్పాలి.

ఆయనకు తీరిక ఉంటే నవంబరు మొదటి సోమవారం మా బ్యాంకుకు పంపండి, అక్కడ ఇంకో అరపేజీకి సరిపడా సరుకు దొరుకుతుంది. పదిన్నర దాటాక రమ్మనండి, అంతకు ముందు వస్తే షట్టరు తియ్యరు. కుర్చీలు నాలుగే ఉన్నాయి, ఒకటి వెంట తెచ్చుకుంటే మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగిని,
రాజమహేంద్రవరం