అక్క చూపు దక్కింది, మీ అందరికీ కృతజ్ఞతలు

మెదడు అడుగున ఉన్న గడ్డకి అక్క ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేసింది. బయాప్సీ రిపోర్టు కూడా వచ్చింది, క్యాన్సర్ కాదు. ఫోన్లు చేసి ధైర్యం చెప్పిన మీ అందరికీ ముందుగా నమస్కారాలు. అయితే ఈ పోస్టు ముఖ్యంగా ఒకరి కోసం రాస్తున్నాను. అక్కకి కళ్లద్దాల పవర్ చూసిన ఆప్టోమెట్రిస్ట్ గారి కోసం.

పవర్ పెరిగిందేమోనని వెళ్లింది అక్క. చార్టు చదివిస్తే కుడి కన్నుతో ప్రతి వరసలోనూ కుడివైపు చివరి అక్షరాలు వదిలేస్తోంది. ఎడమ కన్నుతో ఎడమవైపువి. అద్దాలు ఎన్ని మార్చినా అంతే. బయట జనం ఎదురుచూస్తున్నా ఆవిడ తొందరపడలేదు. ఎదురుగా కూర్చుని, అక్కని ఒక కన్ను మూసుకోమని, తన వేళ్లని పక్కనుంచి మెల్లగా మధ్యకి తెస్తూ ఎప్పుడు కనిపిస్తే అప్పుడు చెప్పమన్నారు. రెండు కళ్లకీ బయటివైపు చూపు తగ్గిందని అక్కడే తేలిపోయింది. "ఇది అద్దాలతో పోయేది కాదండీ, ఆలస్యం చెయ్యకండి" అని కళ్ల డాక్టర్ గారికి తనే చీటీ రాసిచ్చారు. పక్కలకి చూపు ఎంతమేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేశారు, తర్వాత ఎంఆర్ఐ. హార్మోన్లు తయారుచేసే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉంది.

ఆ గ్రంథి మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి సరిగ్గా కింద ఉంటుంది. గడ్డ పైకి పెరిగితే పక్క చూపుని మోసే పోగులు నలుగుతాయి. ఎదురుగా బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. అక్క భుజాలు గుమ్మాలకి తగలడం, పక్కన నిలబడ్డవాళ్లని పలకరించకుండా వెళ్లిపోవడం అందుకేనట. పొగరనుకున్నవాళ్లు కూడా ఉన్నారు, పాపం.

తల తెరవకుండా ముక్కులోంచే గడ్డ తీసిన సర్జన్ గారికి, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతోందేమోనని మాటిమాటికీ అడుగుతూ, ఈ ఆపరేషన్ తర్వాత మూత్రం మరీ ఎక్కువ పోవచ్చని రాత్రంతా కొలిచి రాసుకున్న నర్సమ్మలకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. చూపు చాలావరకు తిరిగి వచ్చింది. హార్మోన్ పరీక్షలు ఇంకా సాగుతాయి.

తలనొప్పి వచ్చిన ప్రతివాళ్లకీ మెదడులో ట్యూమర్ (గడ్డ) ఉండదు, అది చాలా అరుదు. టెన్షన్ పెట్టుకోవద్దు. కానీ కొత్తగా మొదలై రోజురోజుకీ పెరుగుతూ, పడుకున్నప్పుడో పొద్దున లేవగానో ఎక్కువయ్యే తలనొప్పి, దాంతో వాంతులు, పెద్దయ్యాక మొదటిసారి ఫిట్స్, ఒక చెవికే వినికిడి తగ్గడం, మనిషి తీరే మారిపోవడం లాంటివి కనిపిస్తే డాక్టర్‌కి చూపించండి. మాట తడబడినా, ఒకవైపు చెయ్యీ కాలూ ఉన్నట్టుండి పట్టు తప్పినా అది పక్షవాతం కూడా కావచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఎవరింట్లోనైనా ఇదే ఆపరేషన్ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. అక్క తనే మాట్లాడతానంటోంది.