సారా ఉద్యమ మహిళలూ స్త్రీవాద గురువులే

సంపాదకులు గారికి,

నమస్కారం. తెలుగునాట స్త్రీవాదం గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసాంతం చదివాను. 1980ల కవయిత్రులు, విశ్వవిద్యాలయాల అధ్యాపకులు, పట్టణ మహిళా సంఘాల కృషిని చక్కగా వివరించారు. వారందరిపై నాకు ఎనలేని గౌరవం ఉంది. కానీ 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఆడవాళ్లు నడిపిన సారా వ్యతిరేక ఉద్యమానికి అందులో దక్కింది ఒక్క వాక్యం. అదీ ‘గ్రామీణ మహిళల ఆవేశం’ అన్న మాటతో. నెల్లూరు జిల్లాలో ఆ రోజుల్లో అక్షరాస్యతా కేంద్రంలో చదువు చెప్పినదానిగా ఆ మాట నన్ను చాలా బాధించింది.

1991లో జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమం మొదలైంది. కూలి పనుల నుంచి వచ్చి, వంట ముగించి, పిల్లలను పడుకోబెట్టి, రాత్రి ఎనిమిది దాటాక ఆడవాళ్లు పలకలు పట్టుకుని వచ్చేవారు. అరగంటకే కునికిపాట్లు పడేవారు. సారా వల్ల నలిగిన ఇల్లాలి గురించిన ‘సీతమ్మ కథ’ పాఠం చదివిన రాత్రి మాత్రం ఒక్కరికీ నిద్ర రాలేదు. ఒకామె నన్ను ఆపి, వారం కూలిలో సారా ప్యాకెట్లకు ఎంత పోతోందో పలక మీద లెక్క కట్టమంది. కట్టాం. మిగిలిన సొమ్ముకు నూకలు కూడా సరిపోవు. ‘మరి ఆ ప్యాకెట్ల డబ్బు చివరికి ఎవరి చేతికి పోతోంది?’ అని వెనుక నుంచి ఇంకొకామె అడిగింది. కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి సర్కారు ఖజానాకు అని జవాబు కూడా వాళ్లే చెప్పుకున్నారు.

ఒంటి మీద పడే దెబ్బలకూ, పొయ్యి వెలగకపోవడానికీ, ప్రభుత్వ ఆబ్కారీ ఆదాయానికీ ఉన్న ముడిని పలక మీదే విప్పి చూపించిన ఆ చర్చను ఆవేశం అనడం న్యాయమా? ఇంట్లో జరిగేది రాజకీయమేనని స్త్రీవాదం చెప్పే మాట ఇదే. దాన్ని వాళ్లు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కలిగిరి మండలం దూబగుంటలో సారా తాగిన ఇద్దరు చెరువులో పడి చనిపోయాక, ఆ ఊరి రోశమ్మ గారితో కలిసి ఆడవాళ్లు కదిలి ఊళ్లోని సారా కొట్టు మూయించారు. ఆ సంగతే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై జిల్లాలోని మిగతా కేంద్రాలకు చేరింది. కూడబలుక్కుంటూ చదివినవాళ్లు మర్నాడు తమ ఊరి కొట్టు ముందు నిలబడ్డారు. 1992లో సారా దుకాణాల వేలంపాటలు మాటిమాటికీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. రోజుకొక రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు కూడా ఆ కదలిక నుంచే పుట్టాయి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని రెండేళ్లకే ఎత్తేశారంటే ఆ తప్పు ఈ మహిళలది కాదు.

ఇలాంటి చదువు నెల్లూరుకే పరిమితం కాదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 నుంచి ‘సంఘం రేడియో’ అనే స్థానిక రేడియో కేంద్రాన్ని నడుపుతున్నది పెద్ద చదువులు లేని దళిత మహిళలు. విత్తనాలు, చిరుధాన్యాల గురించి వాళ్లకున్న జ్ఞానం గాలిలో ఊరూరికీ చేరుతోంది.

సభలకు ఇలాంటివారిని పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపించేస్తారు. వాళ్ల గురించి మాట్లాడేది మాత్రం మరొకరు. ఈ పద్ధతి మారాలి. 1992లో ముప్పై ఏళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి. రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు. మిగిలినవారి అనుభవాలను, ఆలోచనలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేసే పనిని విశ్వవిద్యాలయాల మహిళా అధ్యయన కేంద్రాలు ఇకనైనా చేపట్టాలి. ఆ రికార్డులు ఏ ఊరివి ఆ ఊరి గ్రంథాలయంలో ఉండాలి.

ప్రభుత్వానికీ ఒక విన్నపం. ‘ఉల్లాస్’ పేరిట ఇప్పుడు నడుస్తున్న వయోజన విద్య స్వచ్ఛంద కార్యకర్తల మీదే ఆధారపడి ఉంది. పాఠాలు తయారు చేసే బృందాల్లో, శిక్షణ ఇచ్చేవారిలో ఈ మహిళలకు చోటివ్వండి, పట్టా అడగకండి, గౌరవవేతనం ఇవ్వండి. బెల్టు షాపుల మీద, ఫోనులో దొరికే అప్పుల మీద, వారం వారం కట్టే వాయిదాల మీద పాఠం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలుసు. జిల్లా వయోజన విద్యాధికారులు ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కావలి