ఏడేళ్లకే పళ్లకు క్లిప్పులా?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులొస్తే ‘పిల్లల పళ్లకు క్లిప్పులు’ అంటూ ఫ్లెక్సీలు వెలుస్తున్నాయి. రెండో తరగతి చదివే మావాడి ముందుపళ్ల మధ్య సందు చూసి, ఒక క్లినిక్‌లో వెంటనే క్లిప్పు వేయాలన్నారు. మరోచోట ఆర్థోడాంటిస్టు (పలువరుస సరిచేసే దంతవైద్యుడు) ఎక్స్‌రే చూసి, 11-12 ఏళ్లకు పై కోరపళ్లు దిగాక ఆ సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుందని పంపించేశారు.

7 ఏళ్లకల్లా ఒకసారి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతున్నది నిజమే. కానీ చూపించడం వేరు, వైద్యం మొదలుపెట్టడం వేరు. పై పళ్లు కింది పళ్లకు లోపలివైపు పడుతున్నా, పాలపన్ను ముందే ఊడి పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. ఎత్తుపళ్లకు మాత్రం, దెబ్బ తగిలి విరిగే ముప్పు తగ్గడం మినహా, చిన్నప్పుడే మొదలుపెట్టడం వల్ల టీనేజీలో చేయించినదానికంటే పెద్ద లాభం లేదని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సమీక్ష తేల్చింది. చిన్నప్పుడొకసారి, టీనేజీలో మరోసారి అంటూ రెండు విడతల ఖర్చు మాత్రం తల్లిదండ్రుల నెత్తిన పడుతోంది.

బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పుచ్చుపళ్లతోపాటు పలువరుసనూ చూసి, ఇప్పుడే చూపించాలో, ఆగొచ్చో ఇంటికి చీటీ రాసి పంపేలా వైద్యారోగ్య శాఖ ఆదేశించాలి.

– ఒక తల్లి, ఖమ్మం