నైట్ డ్యూటీ, స్క్రబ్స్, నడుముకి తుపాకీ

ఏమే సునీతా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "గన్ కొన్నావటగా, నిజమేనా?" అని అడిగావు. నిజమే. మా అమ్మకి మాత్రం చెప్పకు, ఆవిడకి ఇక నిద్ర పట్టదు.

ఊరికే పుట్టిన భయం కాదే ఇది. 2022 అక్టోబర్‌లో ఇక్కడ డాలస్ మెథడిస్ట్ హాస్పిటల్ ప్రసూతి విభాగంలో ఒక నర్సునీ, ఒక సోషల్ వర్కర్‌నీ కాల్చి చంపాడొకడు. బిడ్డలు పుట్టే చోట! పోయిన చలికాలం నేను నర్సుగా చేసే ఎమర్జెన్సీలో ఒక పేషెంట్ బంధువు నన్ను నానా మాటలూ అని, తెల్లారి ఏడింటికి నా కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఏమీ చేయలేదు, చూస్తూ నిలబడ్డాడంతే. ఆ వారమే తుపాకీ నేర్పే క్లాసులో చేరాను.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు చాలామంది లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. నేను మాత్రం లైసెన్స్ తీసుకున్నాను, నేర్చుకోకుండా ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి కుదిరింది. హెచ్1బీ మీద ఉన్న మీ తమ్ముడికి గట్టిగా చెప్పు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే వాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం. మనవాళ్లు చాలామందికి ఈ సంగతి తెలియదు.

కొన్నాక తెలిసింది అసలు కష్టం. మా హాస్పిటల్ గుమ్మం దగ్గర, లైసెన్స్ ఉన్నా తుపాకీ దాచుకుని లోపలికి రావద్దనే 30.06 బోర్డు ఉంది, ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అంగుళం ఎత్తు అక్షరాలతో. అది దాటి తుపాకీతో లోపలికి వెళ్తే నేరం, ఉద్యోగమూ పోతుంది. పోనీ, ఇళ్లకి వెళ్లి పేషెంట్లని చూసే హోమ్ కేర్‌కి మారితే పెట్టుకోవచ్చు కదా అనుకుని ఇంట్లోనే స్క్రబ్స్ (డ్యూటీలో వేసుకునే పల్చటి చొక్కా, ప్యాంటు) వేసుకుని ప్లాస్టిక్ డమ్మీ పిస్టల్‌తో ప్రయత్నించాను. స్క్రబ్స్ ప్యాంటుకి ఉండేది బొందే కదా, బెల్టు పట్టదు. బరువుకి కిందికి జారిపోతుంది. పొట్ట చుట్టూ ఎలాస్టిక్ పట్టీ కడితే నిలబడింది కానీ, వంగగానే పల్చటి బట్ట మీద ఆకారం మొత్తం కనిపిస్తోంది. చేతులెత్తి సెలైన్ బాటిల్ తగిలిస్తే పైచొక్కా లేచిపోతుంది. చీలమండకి కడితే మోకాళ్ల మీద కూర్చుని కాలి పుండుకి కట్టు కట్టేటప్పుడు బయటపడుతుంది.

ఆ తర్వాత మా ఆయన్ని సోఫా మీద పడుకోబెట్టి, పేషెంట్‌ని పక్కకి తిప్పినట్టు తిప్పాను. సాయానికి పట్టుకోబోయిన ఆయన చెయ్యి సరిగ్గా వెళ్లి ఆ డమ్మీ పిస్టల్ మీదే పడింది. నాకు చెమటలు పట్టాయి సునీతా. మన పనంతా ఒంటికి ఒళ్లు తగిలే పని. మతి తప్పినవాళ్లు, మత్తులో ఉన్నవాళ్లు, భయంతో మనల్నే పట్టుకునేవాళ్లు, అందరూ మూరెడు దూరంలోనే ఉంటారు. జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్లు 2000 నుంచి 2011 దాకా అమెరికా ఆస్పత్రుల్లో జరిగిన కాల్పులు పరిశీలిస్తే, ఎమర్జెన్సీలో జరిగినవాటిలో 23 శాతం సెక్యూరిటీ గార్డు దగ్గర లాక్కున్న తుపాకీతోనే జరిగాయి. ఆ ఉద్యోగానికే శిక్షణ పొందినవాళ్ల దగ్గరే లాక్కుంటే, రెండు చేతులతో ముసలాయన్ని లేవదీస్తున్న నా సంగతేంటి?

ఎమ్మారై గది సంగతి వేరే చెప్పాలా. 2023లో బ్రెజిల్‌లో తల్లిని స్కానింగ్‌కి తీసుకెళ్లినాయన నడుముకున్న పిస్టల్‌ని ఆ అయస్కాంతం లాగేస్తే అది పేలి, ఆయనే చనిపోయాడు.

కారులో పెట్టుకోవచ్చు. తాళం వేసిన సొంత కారులో ఉంచుకుంటే ఉద్యోగమిచ్చినవాళ్లు వద్దనకూడదని ఇక్కడ చట్టం ఉంది. కానీ పన్నెండు గంటలు పార్కింగ్‌లో వదిలేసిన కారు అద్దం ఎవడైనా పగలగొడితే, నా తుపాకీ రేపు ఏ చేతిలో ఉంటుందో, ఆ గాయంతో ఎవరు మా ఎమర్జెన్సీకే వస్తారో. ఆ ఆలోచనే నన్ను ఆపేసింది.

ఇప్పుడది ఇంట్లో సేఫ్‌లో ఉంది. నేనూ, ఇంకో నలుగురు నైట్ నర్సులూ కలిసి మేనేజర్ వెంట పడి, ఏడింటికి సెక్యూరిటీ ఆయన మమ్మల్ని కార్ల దాకా దిగబెట్టేలా ఒప్పించాం. రెండు లైట్లు ఇంకా వెలగట్లేదు, వాటికోసం మళ్లీ రాశాం.

మీ గుంటూరులో రాత్రి డ్యూటీ దిగిన అమ్మాయిలు బస్టాండ్ దాకా ఎలా వెళ్తున్నారే? ఆదివారం ఫోన్ చేస్తాను, చెప్పు.

నీ
పద్మ