శాటిలైట్ ఫోన్‌తో ఇచ్చిన తెలుగు పుస్తకంలోని తప్పులపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: వాడకం పుస్తకాన్ని సరిదిద్ది మళ్లీ ఇవ్వడం గురించి

అయ్యా,

కాకినాడ నుంచి వేటకు వెళ్లే మరబోట్ల కోసం మీ దగ్గర కొన్న శాటిలైట్ ఫోన్లు బాగానే ఉన్నాయి. వాటితో ఇచ్చిన తెలుగు పుస్తకం మాత్రం మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేలా ఉంది. సెల్ టవర్ అందని చోట ఈ ఫోనే దిక్కు.

"సిగ్నల్ వచ్చే వరకు ఆగండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ ఫోన్ పట్టుకోవాల్సిన సిగ్నళ్లు రెండు. ముందు జీపీఎస్‌తో తానెక్కడుందో తెలుసుకుంటుంది, ఆ తర్వాతే శాటిలైట్ నెట్‌వర్క్‌కు చేరుతుంది. చాలా రోజులు ఆఫ్‌లో ఉంటే మొదటి పనికే కొన్ని నిమిషాలు పడుతుంది. తెర మీద జీపీఎస్ దొరికిందని కనబడగానే సరంగులు ఫోన్ తీసుకుని క్యాబిన్‌లోకి వచ్చేస్తున్నారు. కప్పు కింద నెట్‌వర్క్ అందదు. పాడైందేమోనని ఆపి మళ్లీ ఆన్ చేస్తే కథ మొదటికొస్తుంది, ఈలోగా బ్యాటరీ దిగిపోతుంది.

"ఏ దిక్కుకు తిరిగినా పరవాలేదు" అన్నది ఇంకా పెద్ద తప్పు. ఈ ఫోన్ వాడే శాటిలైట్ భూమధ్యరేఖకు పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట ఉన్నట్టు ఉంటుంది. మన తీరం నుంచి అది ఎప్పుడూ దక్షిణం వైపే. యాంటెన్నా పూర్తిగా విప్పి, దక్షిణ ఆకాశానికి క్యాబిన్ గానీ స్తంభం గానీ అడ్డం రాకుండా డెక్ మీద నిలబడాలి. 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే 66 శాటిలైట్లతో పనిచేసే ఇరిడియం అనే వేరే నెట్‌వర్క్ ఫోన్‌కైతే ఆ వాక్యం కొంతవరకు చెల్లుతుంది. వేరే ఫోన్ పుస్తకంలోది ఎత్తి రాశారనిపిస్తోంది.

మాట అవతలికి చేరి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది. అంత దూరం వెళ్లి రావాలి మరి. దాన్ని మీరు "నెట్‌వర్క్ లోపం, కాల్ కట్ చేయండి" అని రాశారు. మాట ముగించి ఒక్క క్షణం ఆగమని రాస్తే చాలు.

ఈ ఫోన్‌కున్న రక్షణ స్థాయి ఐపీ65. అంటే దుమ్ము చొరబడదు, నీటి ధార తగిలినా తట్టుకుంటుంది అని. పుస్తకంలో "నీళ్లలో పడినా ఏమీ కాదు" అని ఉంది. మునిగినా తట్టుకోవాలంటే ఆ రెండో అంకె కనీసం 7 ఉండాలి. ఛార్జింగ్ రంధ్రానికి ఉన్న రబ్బరు మూత బిగించమని ఎక్కడా చెప్పలేదు. నీళ్లలో పడినా ఏమీ కాదన్న మాట నమ్మి తడిపిన రెండు ఫోన్లకు మీరే వారంటీ నిరాకరించారు.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్ర బటన్. మీరు దానికి "ఎమర్జెన్సీ కాల్" అని పేరు పెట్టారు. నొక్కితే కోస్ట్ గార్డుకే వెళ్తుందని కలాసీలు అనుకుంటున్నారు. నిజానికి అది మనం ముందే సెట్టింగ్స్‌లో పెట్టుకున్న నంబరుకు మన జీపీఎస్ స్థానాన్ని పంపుతుంది. మాకిచ్చిన ఫోన్లలో ఆ గడి ఖాళీగా ఉంది.

తూర్పు తీరంలో వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఆలోపు సరిదిద్దిన సూచనలను తడవని అట్ట మీద ఒకే పేజీలో అచ్చువేసి ఇవ్వండి. మనిషిని పంపి ప్రతి ఫోన్‌లో ఎర్ర బటన్ నంబరు పెట్టించి, బటన్ నొక్కి పరీక్షించి చూపండి. ఆ రెండు ఫోన్లను ఉచితంగా మార్చండి. బిల్లుల నకళ్లు, తప్పులున్న పేజీల ఫొటోలు జతచేశాం.

ఇట్లు,
మరబోట్ల యజమానులు, కాకినాడ