చిత్తు రాయమని అడుగు, చిన్నీ

చిన్నీ,

మొన్న ఫోన్‌లో, ఏఐ ఇచ్చిన జవాబే అసైన్‌మెంట్‌లో ఎక్కించానని, సార్ కొట్టేశారని చెప్తూ ఏడ్చినంత పని చేశావు. అప్పుడు ఏం చెప్పాలో తోచలేదు.

నాకూ ఈమధ్య అలాంటిదే జరిగింది. స్లాబుకి తెచ్చిన లక్షన్నర తీర్చేద్దామని, రెండు రూపాయల వడ్డీకి పద్నాలుగు నెలలకు మొత్తం ఎంతవుతుందని చాట్‌బాట్‌ని అడిగితే 1,53,500 అంది. నెలకే మూడు వేల వడ్డీ కదా, ఇదెలా వచ్చింది? అప్పుడు, "ముందు ఏమేం అనుకున్నావో రాయి, తర్వాత ఒక్కో స్టెప్పూ రాసి చివర్లో జవాబు చెప్పు" అన్నాను. మొదటి లైన్లోనే దొరికింది. ఏడాదికి 2 శాతం అనుకుంది! మన దగ్గర రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని చెప్పాక 42,000 వడ్డీ, మొత్తం 1,92,000 అని సరిగ్గా చెప్పింది.

ఇన్నేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకిది చిత్తు పనిలాగే కనిపిస్తుంది. అది ఒక్కో ముక్కా రాసుకుంటూ పోతుంది, అప్పటిదాకా రాసిందాన్ని చూసుకునే తర్వాతి ముక్క రాస్తుంది, అందుకే జవాబే ముందు చెప్పమంటే చిత్తు వేసుకునే చోటు దానికి ఉండదు. 2022లో టోక్యో యూనివర్సిటీ, గూగుల్ పరిశోధకులు "ఒక్కో మెట్టుగా ఆలోచిద్దాం" అనే అర్థమొచ్చే ఒక్క ఇంగ్లిష్ వాక్యం ప్రశ్నకి కలిపి చూస్తే, ఒక రకం లెక్కల్లో సరైన జవాబులు 17.7 శాతం నుంచి 78.7 శాతానికి పెరిగాయి. ఒక్క వాక్యానికే! 2024 సెప్టెంబర్‌లో ఓపెన్‌ఏఐ కంపెనీ ఓ1 అనే ఏఐ మోడల్ వచ్చిన దగ్గర్నుంచి కొన్ని మోడళ్లు అడగకుండానే లోపల ఆలోచించుకుంటున్నాయి, వాటికి ఆ మాట పెద్దగా అక్కర్లేదు. కానీ ఏం అనుకుని మొదలుపెట్టిందో మాత్రం ఏ మోడల్‌నైనా అడుగు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. స్టెప్పులు బాగున్నాయని జవాబు నమ్మేయకు. 2023లో ఒక పరిశోధనలో, ఎ, బి లాంటి ఆప్షన్లున్న ప్రశ్నలిచ్చి, ముందు చూపించిన ఉదాహరణలన్నిట్లో సరైన జవాబు 'ఎ' దగ్గరే ఉండేలా పెడితే, మోడల్ కూడా 'ఎ' వైపే మొగ్గింది, తప్పైనా సరే దానికి చక్కగా కారణాలు రాసింది, అసలు కారణం మాత్రం దాదాపు ఎక్కడా రాయలేదు. కాపీ కొట్టి స్టెప్పులు అల్లిన పేపర్లు నేను బోలెడు దిద్దాను తల్లీ, అవి చూడ్డానికి ఎంత బాగుంటాయో నాకు తెలుసు. కాబట్టి పెన్ను పట్టుకుని ప్రతి లైనూ నువ్వు వేసి చూడాలి, ఎక్కడ పొసగకపోతే అక్కడ ఆపి అడగాలి.

సార్ కొట్టేసిన ఆ లెక్క పారేయకు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చదివి వినిపించు, నేను ఇక్కడ కాగితం మీద వేస్తాను, నువ్వు అక్కడ వెయ్యి. ఏ లైన్లో తప్పిందో పట్టుకుందాం.

నీ నాన్న