పానగల్లు కట్ట మీద లాబ్రడార్

సంపాదకుడు గారికి,

నల్లగొండలో పానగల్లు దగ్గరి ఉదయసముద్రం చెరువు కట్ట మీద పొద్దున నడకకు పోయేవాళ్లలో నేనొకణ్ణి. పోయిన వేసవిలో ఒకరోజు అక్కడ గోధుమ రంగు ఆడ లాబ్రడార్ కుక్క ఒకటి కనబడింది. బెల్టు ఒరిసి మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయింది. పొదుగు వేలాడుతోంది. చెవుల లోపల పిడుదులు సందు లేకుండా పట్టి ఉన్నాయి. నాలుగు ఊరకుక్కలు మొరుగుతూ మీదికి వస్తుంటే తోక ముడుచుకుని నీళ్లలోకి దిగి నిలబడింది. మాలో ఒకాయన "ఛో, ఛో" అంటూ రాయెత్తాడు. అది కదల్లేదు. వెనకాల వస్తున్న కుర్రాడొకడు "సిట్" అన్నాడు. ఆ నీళ్లలోనే కూర్చుంది! "షేక్ హ్యాండ్" అంటే ముందుకాలు ఎత్తి ఇచ్చింది. పెంపుడు కుక్కతో మనం ఇంగ్లీషే మాట్లాడతాం కదా, పాపం దానికి మన "ఛో" అర్థం కాలేదు.

నేను పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ పొదుగు చూడగానే సంగతి అర్థమైంది. కుక్కపిల్లల వ్యాపారానికి వాడుకున్నన్నాళ్లు వాడుకుని, ఇక లాభం లేదనుకోగానే బండిలో తెచ్చి దింపేశారు. లాబ్రడార్ ఒక్క ఈతలో ఏడెనిమిది పిల్లల్ని పెడుతుంది. ఒక్కో పిల్ల వేలల్లో పలుకుతుంది. ఇంక ఆశకు అడ్డేముంది?

నిబంధనలు లేక కాదు. 2017లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం కుక్కపిల్లలు అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు అడిగినవాళ్లను నేనైతే చూడలేదు. కళ్లు సరిగ్గా తెరవని పిల్లను వాట్సాప్‌లో ఫొటో చూసి అడ్వాన్సు పంపినవాళ్లను మాత్రం చూశాను. ఇక కుక్కను వదిలేసినవాడి మాటంటారా, ఆకలిదప్పులతో మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ యాభైకి ఇవాళ హైవే మీద ప్లేటు ఇడ్లీ రావడమే కష్టం.

ఈ జాతి గురించే ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇది వీధిలో బతకలేదు. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి జాలర్ల వెంట చల్లటి సముద్రంలో వలలు లాగిన కుక్కల సంతతి ఇది. ఒంటి నిండా రెండు పొరల బొచ్చు. మన నల్లగొండ మే నెల ఎండలో నీడా నీళ్లూ లేకపోతే గంటల్లో వడదెబ్బ తగులుతుంది. పైగా ఎవరు పిలిచినా పోతుంది. ఫామ్‌హౌస్ కాపలాకని తెచ్చుకున్నవాళ్లకు ఆర్నెల్లకు తెలిసేదేమిటంటే, దొంగొచ్చినా తోకాడిస్తుందని. అలా విసిగి వదిలేసినవీ కొన్ని.

పట్టణంలో ఒక మెకానిక్, నలుగురైదుగురు డిగ్రీ విద్యార్థులు కలిసి ఇలాంటి వాటిని తెచ్చి షాపు వెనక రేకుల కింద ఉంచుతున్నారు. మెకానిక్ వాళ్లమ్మ రోజూ కోడికాళ్లు వేసి అన్నం వండుతుంది. "మన కడుపున పుట్టకపోతే ఏందయ్యా, సాదుకుంటం" అంటుంది. పిడుదుల జ్వరానికి మందు పెద్ద ఖరీదు కాదు గానీ మూడు నాలుగు వారాలు మానకుండా వేయాలి. కానుపులు ఆగిన ఆడకుక్కలకు గర్భసంచిలో చీము పడితే ఆపరేషన్ చేయక తప్పదు. అక్కడే ఈ కుర్రాళ్ల జేబులు ఖాళీ అవుతున్నాయి.

పిల్లల్ని వీధికుక్కలు కరుస్తుంటే నీకు ఈ బొచ్చుకుక్కల బాధేమిటని అడుగుతారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు ఎలా పోయాడో నేనూ మరిచిపోలేదు. కానీ ఆపరేషన్ చేయని ఆడకుక్కను వీధిలో వదిలితే ఏడాది తిరిగేసరికి ఆ వీధిలో కుక్కలు పెరుగుతాయా, తగ్గుతాయా? దాన్ని తీసుకెళ్లి ఆపరేషన్ చేయించినవాళ్లు మనకూ మేలు చేస్తున్నట్టే కదా. నన్నడిగితే అసలు కుక్క కావాలనుకునేవాళ్లు ఊరకుక్క పిల్లను తెచ్చుకోవడమే మంచిది. మన ఎండా మన తిండీ దానికి పుట్టుకతో అలవాటు. లాబ్రడారే కావాలంటే కొనకండి, ఆ రేకుల షెడ్డుకు వెళ్లండి.

అడిగేవి రెండే. మొదటిది ప్రభుత్వాన్ని. ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలని, దాని ఆశ్రయానికి రాష్ట్ర ప్రభుత్వం స్థలం ఇవ్వాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. ఆ లెక్కన నల్లగొండలో ఒక నీడపట్టు షెడ్డు, ఒక నీళ్ల కుళాయి చూపించండి. మందుల సంగతి మేం రిటైరైనవాళ్లం తలా కొంత వేసుకుని చూసుకుంటాం. రెండోది మీకే. ఇల్లు దొరకని కుక్క ఫొటో వారానికొకటి మీ జిల్లా పేజీలో ఏ మూలనైనా వేయండి. ఎకరాల ప్లాట్ల ప్రకటనల మధ్య నాలుగు వేళ్ల చోటు చాలు.

పానగల్లు కుక్కకు ఏడేళ్లుంటాయి. ఆపరేషన్ అయింది, కుట్లు మానాయి, మెడ మీద బొచ్చు మళ్లీ వచ్చింది. ఇంకా ఎవరూ తీసుకుపోలేదు. ఇప్పుడు "కూసో" అన్నా కూర్చుంటోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్య సహాయకుడు,
పానగల్లు, నల్లగొండ